తాగుడు మాన్పించడానికి ఆస్పత్రిలో చేర్పిస్తే ఏం జరుగుతుంది, ఎన్నాళ్లు పడుతుంది

అమ్మా, సమాధానం చెప్పేముందు మీరు చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఒకసారి చెబుతాను. మీది అమలాపురం పక్క ఊరు. మీ ఆయన రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరు, వయసు నలభై లోపు. రోజుకు ఒక హాఫ్ తప్పనిసరి, పట్టుబడి రోజుల్లో, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మే రోజుల్లో, ఇంకా ఎక్కువ. ఏడాదిగా పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయని కొంచెం పుచ్చుకుంటేగానీ టీ గ్లాసు పట్టుకోలేకపోతున్నారు. కిందటేడు జ్వరం వచ్చి తాగకపోతే ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు ఆయనే "ఎక్కడికైనా తీసుకెళ్లు, మానేస్తాను" అన్నారు. మావయ్యగారేమో ఆస్పత్రి వద్దు, కార్తీకమాసమే కదా, అయ్యప్ప మాల వేయిద్దాం అంటున్నారు. ఆడపడుచు కూరలో కలిపే పొడి ఏదో తెప్పించింది. ఆస్పత్రిలో ఏం చేస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, సంక్రాంతికి ఇంటికొస్తారా అన్నవి మీ ప్రశ్నలు.

నేను డీ-అడిక్షన్ వార్డులో నర్సుగా చేరి, తర్వాత కౌన్సెలింగ్ వైపు వచ్చాను. గోదావరి జిల్లాల వాళ్లనే చాలా ఏళ్లుగా చూస్తున్నాను. డాక్టర్ని కాదు కాబట్టి మోతాదుల జోలికి వెళ్లను. ఏం జరుగుతుందో మాత్రం చూసింది చూసినట్టు చెబుతాను.

ముందుగా ఒక్క మాట. ఆయన్ని ఇవాళ్టి నుంచి ఇంట్లోనే బలవంతంగా మాన్పించకండి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, కానీ ప్రాణాల మీదకు వచ్చేది అక్కడే. మద్యం మెదడును మందగింపజేస్తుంది. రోజూ అది లోపలికి పోతుంటే దాన్ని తట్టుకుని పని చేయడానికి మెదడు తన వేగం పెంచుకుంటూ పోతుంది. ఒక్కసారిగా మద్యం ఆగిందంటే ఆ వేగానికి పగ్గం ఉండదు. చేతుల వణుకు, చెమటలు, గుండెదడ, వాంతులు, నిద్ర లేకపోవడం ఆఖరుసారి తాగిన ఆరేడు గంటల నుంచే మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. మూడో రోజు, నాలుగో రోజు చిత్తభ్రమ వచ్చే ప్రమాదం ఉంటుంది. డెలీరియం ట్రెమెన్స్ అని దాని పేరు, వార్డులో డీటీ అంటాం. వైద్యం అందకపోతే దానితో మనిషి పోవచ్చు. వేళకు అందితే చాలావరకు క్షేమంగా బయటపడతారు.

తాగేవాళ్లందరికీ ఇలా జరగదు. వారానికి రెండుసార్లు తాగేవాడు మానేస్తే సాధారణంగా ఏమీ కాదు. మీ ఆయన లెక్క వేరు. హాఫ్ అంటే 375 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే బ్రాందీ, విస్కీల్లో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. అంటే రోజుకు సుమారు 125 గ్రాముల అసలు ఆల్కహాల్ ఒంట్లోకి పోతోంది. పైగా పొద్దున తాగడం, ఒకసారి ఫిట్స్ రావడం. ఈ మూడూ కలిసినప్పుడు ఇంట్లో మాత్రలు వేసుకుంటూ మానడానికి ఒప్పుకునే సైకియాట్రిస్టు దొరకడం కష్టం. అడ్మిట్ చేయమనే అంటారు. పచ్చకామెర్లు, పొట్టలో నీరు, షుగరు, చచ్చిపోతానన్న మాటలు, ఇంట్లో చూసుకునే మనిషి లేకపోవడం, వీటిలో ఏది ఉన్నా కూడా అడ్మిషనే.

అందుకని ఆస్పత్రిలో చేరే రోజు దాకా ఆయన తాగేదాన్ని ఒక్కసారిగా ఆపకండి. పెంచనివ్వకండి, కడుపు నిండా అన్నం పెట్టండి, బండి తాళాలు మీ దగ్గర పెట్టుకోండి. ఈలోపు ఫిట్స్ వచ్చినా, మాటల్లో తేడా కనిపించినా, లేనివి ఉన్నట్టు చెబుతున్నా 108కి ఫోన్ చేయండి. మళ్లీ తగ్గుతుందిలే అని చూడకండి.

ఇక మావయ్యగారి మాట. దాన్ని కొట్టిపారేయొద్దు. మాల వేసుకుని తాగుడు మానేసినవాళ్లు కోనసీమలో చాలామందే ఉన్నారు, అది ఉత్త నమ్మకం కాదు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, రెండు పూటలా పూజ, సాయంత్రమైతే భజనో పడిపూజో. ఖాళీగా ఉండే గంటే ఉండదు. సరిగ్గా తాగాలనిపించే వేళకు పదిమంది స్వాముల మధ్య ఉంటారు. అన్నిటికీ మించి, నిన్నటిదాకా తాగుబోతు అన్న నోళ్లే ఇవాళ స్వామీ అని పిలుస్తాయి. ఇంట్లో పిల్లలు కాళ్లకు దండం పెడతారు. ఆ గౌరవం చేసే మేలు మేమిచ్చే మాత్రలతో రాదు, ఒప్పుకుంటాను. చర్చిలో సాక్ష్యం చెప్పి మానేసినవాళ్ల విషయంలోనూ నేను చూసింది ఇదే: రోజువారీ క్రమం, తోడు, మర్యాద.

కానీ మీ ఆయనలా తాగేవాళ్లు నేరుగా మాల వేసుకుంటే జరిగేది వేరు. కార్తీకంలో ప్రతి ఏడూ మా వార్డుకు నల్లబట్టలతోనే స్ట్రెచర్ మీద వచ్చే స్వాములుంటారు. మాల వేసుకున్న రెండో రోజు ఫిట్స్, లేదంటే మూడో రోజు చిత్తభ్రమ. ఇంట్లోవాళ్లు దీక్షలో ఏదో అపచారం జరిగిందనో, గాలి సోకిందనో అనుకుని ఒక రోజు అక్కడే పోగొడతారు. డీటీ వచ్చిన మనిషి గోడ మీద చీమలు పాకుతున్నాయంటాడు, దుప్పటి మీద పురుగులు ఏరుతుంటాడు, ఎవరో చంపడానికి వచ్చారని మంచం దిగి పరిగెడతాడు. ఎక్కడున్నాడో, ఎన్ని గంటలైందో తెలియదు. రోజూ చేసే పని చేస్తున్నట్టు కూడా ఆడతాడు. చెరువుల మీద పనిచేసేవాళ్లు మంచం మీద కూర్చుని వల లాగుతుంటారు, కొబ్బరి దింపేవాళ్లు సెలైన్ స్టాండు పట్టుకుని ఎక్కబోతారు. చూసేవాళ్లకు అది దెయ్యంలాగే ఉంటుంది. భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్తే ఆలస్యమైన ప్రతి గంటా ప్రమాదమే.

దీనికి ఉపాయం ఉంది. ముందు ఆస్పత్రిలో ఒళ్లు కుదుటపడనివ్వండి. డాక్టరు సరేనన్నాక మాల వేయించండి. మాత్రలు వేసుకుంటారని, ఒంటిపూట భోజనంతో ఉండటం ఇప్పుడే కుదరదని గురుస్వామికి ముందే చెప్పండి. నాకు తెలిసిన గురుస్వాములెవరూ దీనికి అడ్డు చెప్పలేదు. మావయ్యగారికి కూడా మాల వద్దనకుండా, పది రోజులు ఆగి వేద్దామని చెప్పి చూడండి. ఇంట్లో గొడవ తగ్గుతుంది.

ఎక్కడికి వెళ్లాలంటే, మీకు దగ్గర్లో కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి ఉంది. రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధమైనది, సైకియాట్రీ విభాగం ఉంది. రాజమండ్రిలోనూ 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, అక్కడి సర్వజన ఆస్పత్రిలోనూ అడగొచ్చు. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కేంద్ర ప్రభుత్వ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే కేంద్రాలు కూడా కొన్ని ఉంటాయి. 14446కి ఫోన్ చేస్తే మీకు దగ్గర్లో ఏముందో చెబుతారు, అది మత్తు అలవాట్లకు సంబంధించిన జాతీయ హెల్ప్‌లైన్. ఒక చిన్న విషయం, నవ్వుకోకండి. అమలాపురం నుంచి కాకినాడ బస్సు ఎదుర్లంక వంతెన దాటగానే యానాం వస్తుంది. అది పుదుచ్చేరి కిందది, అక్కడ మద్యం కొట్లు ఎన్నో మీకు తెలియనిది కాదు. తోడు లేకుండా ఓపీకి బయల్దేరి యానాంలోనే దిగిపోయినవాళ్లను ఎరుగుదును. వెళ్లేటప్పుడు ఎవరైనా పక్కన కూర్చోండి. తర్వాత నెల నెలా చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు అయితే రావులపాలెం మీదుగా చుట్టుదారైనా మేలే.

మొదటి రోజు ఎక్కువసేపు పట్టేది ప్రశ్నలకే. ఎన్నేళ్ల నుంచి, రోజుకు ఎంత, ఆఖరుసారి ఎప్పుడు తాగారు, ముందు ఎప్పుడైనా మానితే ఏం జరిగింది. ఇక్కడ సిగ్గుపడి తగ్గించి చెప్పకండి. భార్య పక్కనుంటే ఆయన క్వార్టరే అంటారు, అత్తగారు పక్కనుంటే భార్య కూడా క్వార్టరే అంటుంది. ఆ లెక్కనే మాత్రలు రాస్తే మోతాదు చాలక రాత్రికి ఫిట్స్ వస్తాయి. కల్లు, నాటుసారా, గంజాయి, నిద్రమాత్రలు, నొప్పులకు వాడే ట్రామడాల్ లాంటివి ఉన్నా చెప్పేయండి. నాటుసారాలో ఎంత ఘాటు ఉందో ఎవరూ చెప్పలేరు కాబట్టి అది తప్పక చెప్పాలి. బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలి ఉంటే, అది రెండు నెలల కిందటిదైనా సరే, డాక్టరు చెవిన వేయండి. తలలో నెమ్మదిగా రక్తం చేరినా మత్తులాగే కనిపిస్తుంది, స్కాన్ చేస్తేగానీ తేలదు.

రక్తపరీక్షలు చేస్తారు. లివర్, కిడ్నీ, షుగరు, సోడియం, పొటాషియం, ప్లేట్‌లెట్లు. అవసరమైతే పొట్ట స్కానింగ్, ఈసీజీ. తర్వాత క్లోర్‌డయాజెపాక్సైడ్ అనే మాత్ర మొదలుపెడతారు, లిబ్రియం అన్న పేరుతో చాలామందికి తెలుసు. లివర్ బాగా దెబ్బతిని ఉంటే దాని బదులు లోరాజెపామ్ ఇస్తారు. మద్యం ఆగినప్పుడు ఎగిసిపడే మెదడును ఇవి నెమ్మదిగా దింపుతాయి. మొదట్లో ఎక్కువ ఇచ్చి, రోజూ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. కొన్ని గంటలకోసారి నర్సు వచ్చి చేతులు చాపమంటుంది, చెమట పట్టిందా చూస్తుంది, ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు అని అడుగుతుంది. చిన్నపిల్లాణ్ని అడిగినట్టు అడుగుతున్నారని మగవాళ్లకు కోపం వస్తుంది. ఆ జవాబులను బట్టే తర్వాతి మోతాదు ఉంటుందని ఆయనకు ముందే చెప్పి ఉంచండి. డిశ్చార్జి అయ్యాక ఈ మాత్రల చీటీ పట్టుకెళ్లి మెడికల్ షాపులో మీరే కొనకండి. ఇవీ అలవాటుపడే రకమే.

సెలైన్ గురించి ఒక మాట చెప్పాలి. మన వాళ్లకు సెలైన్ ఎక్కిస్తేనే వైద్యం. ఊళ్లో డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి నీరసంగా ఉన్నాడు, రెండు బాటిళ్లు గ్లూకోజు పెట్టండి అని అడుగుతారు. రోజూ తాగేవాళ్ల ఒంట్లో థయామిన్, అంటే బీ1 విటమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. చూపు చెదరడం, నడకలో తూలడం, తికమకపడటం దాని గుర్తులు. అలా పోయిన జ్ఞాపకశక్తి కొందరికి మళ్లీ పూర్తిగా రాదు. అందుకే వార్డులో ముందు థయామిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. పక్క మంచానికి సెలైన్ ఉంది, మా ఆయనకు లేదేమని గొడవపడకండి. నోటితో తాగగలిగితే మజ్జిగ, కొబ్బరినీళ్లు చాలు.

మొదటి రెండు మూడు రోజులు ఆయన మీరెరిగిన మనిషిలా ఉండరు. చెమటలతో బట్టలు తడిసిపోతాయి, తిన్నది నిలవదు, చిన్నదానికి అరుస్తారు. రెండో రోజు రాత్రి దాదాపు అందరూ ఇంటికి పోదామంటారు. నాకు బాగైపోయింది, ఇక్కడ ఉంటే పిచ్చెక్కుతుంది, చెరువులో ఏరియేటర్లు (నీళ్లకు గాలి పట్టించే మిషన్లు) ఎవరు చూస్తారు, ఇలా ఏదో ఒకటి. తిడతారు, ఏడుస్తారు, మీ పుట్టింటివాళ్లను లాగుతారు. వాదించకండి, రేపు పొద్దున డాక్టరుతో మాట్లాడదాం అని దాటేయండి. ఆ రాత్రి గడిస్తే చాలావరకు నిలబడతారు. నాలుగైదు రోజులకు ఆకలి వేస్తుంది, మొహం తేటపడుతుంది. చాలా ఏళ్లకు పొద్దున్నే వణుకు లేకుండా లేస్తారు. చూసి మీకు ఏడుపొస్తుంది.

ఆరో రోజు ధీమా మొదలవుతుంది. "జన్మలో ముట్టను, ఆ వాసనే పడట్లేదు, ఇంకెందుకు ఇక్కడ" అంటారు. వార్డులో మాకు రెండో రోజు అరుపులకంటే ఈ ధీమాకే భయం ఎక్కువ. ఇంట్లోవాళ్లు కూడా ఆ తేటపడ్డ మొహం చూసి నమ్మేసి పెట్టె సర్దేస్తారు. ఒంట్లోంచి మద్యం పోయిందంతే, వైద్యం అప్పటికి మొదలవలేదు. అలా వారానికే వెళ్లిపోయి తర్వాత ఏ మందూ వాడనివాళ్లలో చాలామంది కొద్ది నెలల్లోనే మళ్లీ అదే మంచం మీదకు వస్తారు. ఒళ్లు కుదుటపడటానికి వారం పది రోజులు అనుకోండి. ఆ తర్వాత ఇంకో రెండు మూడు వారాలు ఉంచి కౌన్సెలింగ్, గ్రూపు మాటలు, కుటుంబంతో మాట్లాడటం చేసే చోట ఉంటే ఉండనివ్వండి. ప్రభుత్వ వార్డులో మంచాల కొరత వల్ల అంతకాలం ఉంచలేకపోవచ్చు. అలాంటప్పుడు మొదట్లో వారం వారం, తర్వాత పక్షానికోసారి ఓపీకి తీసుకెళ్లాలి.

ప్రైవేటు సెంటర్ల గురించి మీరు అడగలేదు, కానీ చుట్టాలు ఎవరో ఒకరు చెబుతారు. మంచివి ఉన్నాయి, జైళ్లలాంటివీ ఉన్నాయి. రాత్రిపూట వ్యాన్‌లో వచ్చి ఎత్తుకెళ్తాం, మూడు నెలలు ఫోన్ కూడా ఉండదు అనే చోటికి పంపొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు, మత్తుమందుల అలవాటుకూ వర్తిస్తుంది. గొలుసులతో కట్టడం ఆ చట్టం ప్రకారం నిషేధం. తన ఇష్టంతో చేరిన మనిషి వెళ్లిపోతానంటే మామూలుగా పంపాల్సిందే. పరిస్థితి బాగా తీవ్రంగా ఉండి తనంతట తాను నిర్ణయించుకోలేనప్పుడు ఆయన తరఫున మీరు చేర్పించడానికీ దారి ఉంది, అది ముందు 30 రోజుల వరకే. మీ ఆయన తనే వస్తానన్నారు కాబట్టి మీకు ఈ బెడద లేదు. సెంటరుకు వెళ్తే ఈ నాలుగూ అడగండి: రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు ఏయే రోజుల్లో వస్తారు, రాత్రి డ్యూటీలో నర్సు ఉంటుందా, ఫిట్స్ వస్తే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు. మొత్తం ఖర్చు కాగితం మీద రాయించుకోండి. ఫిట్స్ ప్రశ్నకు తడబడితే వెనక్కి వచ్చేయండి.

డిశ్చార్జి ముందు తాగాలనే కోరిక తగ్గించే మాత్రల గురించి డాక్టరు మాట్లాడతారు. మాట్లాడకపోతే మీరే అడగండి. నాల్ట్రెక్సోన్ అనేది తాగితే వచ్చే కిక్కును, తాగాలన్న లాగుడును తగ్గిస్తుంది. నొప్పులకు ట్రామడాల్ లాంటివి వాడేవాళ్లకు పనికిరాదు, లివర్ పరీక్షలు చూసుకుంటూ ఇస్తారు. అకాంప్రోసేట్ లివర్‌కు ఇబ్బంది కలిగించదు, కానీ రోజుకు మూడు పూటలా వేసుకోవాలి, కిడ్నీలు బాగుండాలి. లివర్ పాడైనవాళ్లకు బాక్లోఫెన్ కూడా వాడతారు. ఇవి నెలల తరబడి వాడాల్సినవి. బాగున్నాడు కదా, మాత్రలెందుకు అని ఆపేయడం మన ఇళ్లలో మామూలైపోయింది. బీపీ మాత్రలు అలా ఆపం కదా.

నాలుగోది డైసల్ఫిరామ్. మీ ఆడపడుచు తెచ్చిన పొడిలో బహుశా ఇదే ఉండొచ్చు, లేదా ఏ ఆకుల పొడో అయి ఉండొచ్చు, పొట్లం చూసి ఎవరూ చెప్పలేరు. ఈ మాత్ర వేసుకున్న మనిషి తాగితే మొహం ఎర్రబడి, తలపోటు, వాంతులు, గుండెదడ వస్తాయి, బీపీ పడిపోతుంది. గుండెజబ్బు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు ప్రాణం మీదకు రావచ్చు. మాత్ర ఆపినా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండొచ్చు. అందుకే మనిషికి అంతా చెప్పి, తన ఒప్పుదలతో, తాగడం పూర్తిగా ఆపాకే డాక్టర్లు ఇస్తారు. అలా తెలిసి వేసుకున్నవాళ్లలో కొందరికి బాగా పనిచేస్తుంది, ముఖ్యంగా రోజూ భార్య చేతి మీదుగా వేసుకుంటే. తెలియకుండా కూరలో కలిపితే మాత్రం అది విషం పెట్టినట్టే. పైగా ఒకనాడు తెలిసిపోతుంది, ఆ తర్వాత మీ చేతి అన్నం తినరు, ఆస్పత్రి మాత్రా వేసుకోరు. ఆ పొడి పారేయండి. ఫోన్‌లో కనిపించే "తెలియకుండా మాన్పించే" ప్రకటనలన్నీ ఇదే బాపతు.

ఇంటికొచ్చాక మొదటి మూడు నెలలే కష్టం. నిద్ర సరిగ్గా పట్టదు, కొందరికి నెల దాటినా పట్టదు. తీపి మీదకు మనసు పోతుంది, తిననివ్వండి, షుగరు లేకపోతే పూతరేకులైనా పర్వాలేదు. చిరాకు, దిగులు ఉంటాయి. ఇన్నాళ్లూ మత్తులో కనిపించని అప్పులన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకు వస్తాయి. వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చి పోయిన చెరువు, వడ్డీలకు తెచ్చిన డబ్బు, చదువు ఆగిన పిల్ల. ఈ రోజుల్లో చచ్చిపోతాననే మాట వస్తే ఉత్తుత్తి బెదిరింపు అనుకోవద్దు. ఇంట్లో, కొట్టంలో ఉన్న పురుగుమందు డబ్బాలు ముందే తీయించేయండి, ఇది మరిచిపోకండి. టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మీక్కూడా టెన్షన్ ఎక్కువైతే చేయండి.

పని గురించి యజమానితో మాట్లాడాలి. చెరువు గట్టు మీద రాత్రి కాపలా, ఏరియేటర్లు చూసుకోవడం, నిద్ర ఆపుకోవడానికి ఒక పెగ్గు, చలికి ఇంకొకటి, అక్కడే అలవాటు ముదిరిందని మీరే చెప్పారు. ఆరు నెలలపాటు పగటి డ్యూటీ అడగండి. జీతం కాస్త తగ్గినా పర్వాలేదు, తాగుడు ఖర్చు తగ్గుతుందిగా. పట్టుబడి రోజున కొనుగోలుదారులు, కూలీలు, డబ్బు, సీసాలు అన్నీ ఒకచోట ఉంటాయి. ఆ రోజు మాత్రం ఆయన గట్టు మీద ఉండకుండా చూడండి. జీతం కొన్నాళ్లు మీ ఖాతాకు రావడానికి ఆయనే ఒప్పుకుంటే మంచిది, లాక్కుంటే మాత్రం గొడవే. 2024 అక్టోబరు నుంచి క్వార్టరు 99 రూపాయలకే దొరుకుతోంది కాబట్టి జేబు ఖాళీ చేసినంత మాత్రాన ఆగదు కూడా.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఏం చేస్తారో ఆస్పత్రిలో ఉండగానే అనుకోండి. తాగాలన్న కోరిక ఒక్కసారిగా లేచి, చాలావరకు అరగంటలోపే దిగిపోతుంది. ఆ అరగంట పక్కన మనిషో పనో ఉండాలి. కడుపు నిండా తిన్నవాడికి లాగుడు తక్కువ, అందుకే ఆరింటికే ఏదైనా పెట్టేయండి. ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు తెలుగులోనూ జరుగుతాయి, పైసా కట్టనక్కర్లేదు. దగ్గర్లో ఎక్కడ జరుగుతాయో ఆస్పత్రి కౌన్సెలర్ని అడగండి. తనలాంటివాళ్ల మధ్య కూర్చుంటే, ఇందాక మాల గురించి చెప్పిన ఆ తోడూ మర్యాదా ఇక్కడా దొరుకుతాయి. అందరికీ నచ్చదు. రెండు మూడుసార్లు వెళ్లాకే నచ్చిందో లేదో తేల్చుకోమనండి.

పిల్లల తల మీద ఒట్టు వేయించుకోకండి. ఒట్టు వేసినవాడు ఒకరోజు జారితే ఆ సంగతి దాచేస్తాడు. దాచాక రెండో రోజు, మూడో రోజు తాగుతూనే ఉంటాడు. జారితే ఆ రాత్రే నాకు చెప్పు, తిట్టను, పొద్దున్నే డాక్టరు దగ్గరకు వెళ్దాం అన్నదే మీ ఇద్దరి మధ్య ఒప్పందం కావాలి. ఒకసారి తాగితే వైద్యం అంతా వృథా అయిపోయినట్టు కాదు. కానీ రోజుల తరబడి తాగి మళ్లీ ఇంట్లోనే ఆపే ప్రయత్నం చేస్తే మాత్రం, మొదట్లో చెప్పిన ఫిట్స్ ప్రమాదం మళ్లీ ఉంటుంది. సాధారణంగా రెండోసారి మొదటిసారికంటే గట్టిగా వస్తుంది.

చేయి చేసుకోవడం గురించి మీరేమీ చెప్పలేదు. ఉంటే మాత్రం, వైద్యం జరుగుతోంది కదా అని భరించనక్కర్లేదు. 181 మహిళా హెల్ప్‌లైన్, అత్యవసరమైతే 112. కౌన్సెలర్‌కు కూడా విడిగా చెప్పండి, ఆయన ముందు అడగరు.

సంక్రాంతి సంగతి. ఇప్పుడు చేర్పిస్తే పండక్కి ఇంట్లోనే ఉంటారు, అదే నా దిగులు. మాల వేసుకుని మకరజ్యోతికి వెళ్లేవాళ్లయితే సంక్రాంతి నాటికి శబరిమలలోనే ఉంటారు. భోగి నుంచి కనుమ దాకా ఏ ఊరు చూసినా పందెం బరులు, పక్కనే బెల్టు షాపులు, అల్లుళ్లకు మర్యాదలు. కొత్తగా మానిన మనిషి ఆ మూడు రోజులు బరి దగ్గరకు వెళ్లి చూసి వస్తానంటే నమ్మకండి. ఆయన ఎంత మంచివారైనా సరే. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పిల్లలతో కలిసి వెళ్లండి, కానీ బావమరుదుల బండ్ల మీద కాకుండా మీతోనే. ఈ ఏడాది పండగ మీ పుట్టింట్లో, అక్కడ తాగేవాళ్లు లేకపోతే, ఇంకా మంచిది. చుట్టాలకు ఏం చెప్పాలంటారా? లివర్‌కు మందులు వాడుతున్నారు, డాక్టరు వద్దన్నారు అనండి. అబద్ధమేమీ కాదు, మన వాళ్లు లివర్ అంటే ఇంకోసారి అడగరు.

వెళ్లేటప్పుడు ఆధార్ కార్డు, కిందటేడు ఫిట్స్ వచ్చినప్పటి కాగితాలు, ఇప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు, నాలుగు జతల లుంగీలు, తువ్వాళ్లు పెట్టుకోండి, చెమటలకు ఎన్నీ చాలవు. ఓపీకి ఉదయమే చేరేలా బయల్దేరండి. రాత్రికి మీ తమ్ముడో, మరిదో, తాగని మగమనిషి ఒకరు తోడుంటే వార్డులో సులువు. స్నేహితులు చూడ్డానికి వస్తామంటే మొదటి వారం వద్దనండి. కొబ్బరి బోండాంలో కలిపి తెచ్చి ఇచ్చినవాళ్లున్నారు. ఆయనకు బోండాం కావాలంటే మీ కళ్ల ముందే కొట్టించి ఇవ్వండి.